అన్నయ్యకు మిగిలిన మాట

మా అన్నయ్యది కళ్ళద్దాల షాపు. వీధిలో ఆయన అసలు పేరు అడిగితే అందరూ తెల్లమొహం వేస్తారు. హ్యాండ్సమ్‌గారి షాపు ఎక్కడ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. అది ఆయన అందం చూసి పెట్టిన పేరు కాదు. మా ఇంట్లో అందం గురించి మాట్లాడుకునే అవసరం ఎవరికీ రాలేదు. మా అందరికీ వచ్చింది నాన్న ముక్కే, కళ్ళజోడు నిలబెట్టడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ముక్కు. షాపుకొచ్చిన ప్రతి మనిషినీ అన్నయ్య హ్యాండ్సమ్ అనేవాడు కాబట్టి, జనం ఆ మాటని తీసుకొచ్చి ఆయనకే అంటగట్టారు.

ప్రతి మనిషినీ అంటే నిజంగా ప్రతి మనిషినీ. చత్వారం వచ్చిన ముసలమ్మకీ అదే మాట, సైటు వచ్చిందని ఏడుస్తున్న స్కూలు పిల్లకీ అదే మాట, బట్టతల గుమాస్తాకీ అదే మాట. ఒకసారి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఆవిడ, ఆ మాట ఎక్కువగా మగవాళ్ళకి వాడతారండీ, ఆడవాళ్ళకి వేరే మాటలున్నాయి అని ఓపిగ్గా చెప్పింది. అన్నయ్య చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "అలాగేనమ్మా" అన్నాడు. తర్వాత ఆవిడ ముక్కు మీద కొత్త ఫ్రేము పెట్టి, "హ్యాండ్సమ్" అన్నాడు. ఆవిడ ఆ ఫ్రేమే కొనుక్కుని వెళ్ళింది.

ఆ మాట ఆయన నోటికొచ్చినట్టు అనేది కాదు, దానికో పద్ధతి ఉంది. అన్నయ్య పదో తరగతి తప్పి కళ్ళద్దాల పనికి కుదిరినప్పుడు అక్కడి షాపు పెద్దాయన నేర్పిన పద్ధతి. కొత్త కళ్ళజోడుతో అద్దంలో చూసుకున్న ఏ మనిషికైనా మొదట తన మొహం తనకే నచ్చదట. ఎవరో పరాయివాళ్ళు తనని చూస్తున్నట్టు ఉంటుందట. అందుకని అద్దం చేతికివ్వక ముందే మాట అనెయ్యాలి. చూసుకున్నాక అంటే మొహమాటానికి అన్నారనుకుంటారు. పెద్దాయన "ఫస్ట్‌క్లాస్" అనేవాడట. అన్నయ్య సొంత షాపు పెట్టుకున్నాక సొంత మాట ఒకటి పెట్టుకున్నాడు. ఇన్ని మాటలుండగా అదే ఎందుకురా అని అమ్మ అడిగితే, "నోటినిండా ఉంటుందమ్మా" అన్నాడు. అంతకుమించి వాడికి ఇంగ్లీషు రాదని నాన్న ఆ పక్కనుంచి అందుకున్నాడు.

నేను చాలాసార్లు చూశాను. కళ్ళజోడు చెవి కాడలు వేడి ఇసకలో గుచ్చి, మెత్తబడ్డాక తీసి, బొటనవేలితో కొంచెం వంచి, ఊది, మనిషి చెవి వెనక ఆనించి చూసేవాడు. అప్పుడు నాలుక పళ్ళ మధ్య ఇరుక్కుని ఉండేది. అది లోపలికి వెళ్ళిందంటే కాడ కుదిరిందని లెక్క. ఒక అడుగు వెనక్కి వేసి, తల కొంచెం పక్కకి వంచి, ఆ మాట అనేవాడు. అవతలి మనిషి వెన్ను ఒక్కసారి నిటారయ్యేది. నేను రైలు టికెట్ల కిటికీలో కూర్చుని, రోజంతా జనంతో పోట్లాడి, రిటైరైనదాన్ని. నా ఎదట నిలబడ్డవాళ్ళెవరూ అలా నిటారుగా వెనక్కి తిరగలేదు. అందుకే కాబోలు, ఆ షాపులో ఊరికే కూర్చోవడం నాకిష్టంగా ఉండేది.

ఆ మాట అనిపించుకోని మనిషి మా వీధి మొత్తం మీద ఒక్కతే, మా వదిన.

వదినకి చత్వారం వచ్చినప్పుడు షాపుకి తనే వెళ్ళింది. మంచి బట్టలు కట్టుకుని మరీ వెళ్ళింది. అన్నయ్య కళ్ళజోడు పెట్టి, చేతికి పేపరిచ్చి, చదవమన్నాడు. చదివింది. "కనిపిస్తోందా? సరే, ఇంటికెళ్ళు" అన్నాడు. ఇంటికొచ్చి నాకు నవ్వుతూనే చెప్పింది గానీ ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. నేనుండేది వాళ్ళ పై వాటాలోనే కాబట్టి దిగి వెళ్ళడానికి ఎంతో సేపు పట్టదు. ఆయన రాగానే నిలదీశాను.

"ఊళ్ళో కోతిమొహాలన్నీ హ్యాండ్సమే, కట్టుకున్నదానికి ఒక్క మాట అనడానికి నోరు రాలేదా?"

"అది షాపు మాటే" అన్నాడు అన్నయ్య చొక్కా విప్పుకుంటూ. "పెళ్ళాంతో షాపు మాటలేంటి?"

ఆ ముక్క వెళ్ళి వదినకి చెప్పాను. "అలా అన్నారా" అంది. ఆ తర్వాత వారం రోజులు నాకు అడక్కుండానే టీ వచ్చింది. తనకి దక్కని మాట సంగతి ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక ఆ పొద్దు సంగతి. ఇంట్లో పని చెప్తే అన్నయ్యకి ఎక్కడో ఒకచోట నొప్పి పుట్టడం మామూలే. నీళ్ళ డబ్బా ఎత్తమంటే నడుం, అటక మీద దుమ్ము దులపమంటే మెడ. ఆ రోజు వదిన బీరువా కొంచెం పక్కకి జరపమంది, వెనకాల గోడ చెమ్మగిల్లుతోందని. చెయ్యి బరువుగా ఉంది, తిమ్మిరిగా ఉంది అన్నాడు. చొక్కా గుండీ కూడా సరిగ్గా పట్టలేదట. అలవాటైన సాకే కదా అనుకుని, "చెయ్యేం పడిపోలేదు కదా, జరిపి వెళ్ళండి" అంది వదిన. ఆయన బీరువా జరపకుండానే షాపుకి వెళ్ళిపోయాడు. గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకునే వెళ్ళాడు. ఎండ ఎక్కకముందే షాపులో, ఫ్రేముల సొరుగు పట్టుకుని కింద పడిపోయాడు. అన్నయ్య కొడుకు, మా మేనల్లుడు, అక్కడే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. వాడే ఆస్పత్రికి మోసుకెళ్ళాడు.

"ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేది" అన్నాడు డాక్టరు. డాక్టర్లు అందరితోనూ అనే మాటే అది. ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది, ఆ గదిలో ఆ మాట ఎవరికి గుచ్చుకుందో. వదిన అప్పటికే గోడకి ఆనుకుని ఉంది, అలాగే కిందికి జారి కూర్చుంది.

కుడి కాలూ కుడి చెయ్యీ పోయాయి. మూడో రోజు కళ్ళు బాగా తెరిచి అందరినీ చూశాడు. నర్సు వంగి, "పెద్దాయనా, నేను చెప్పేది వినిపిస్తోందా?" అని అడిగింది. అన్నయ్య ఆమెని చూసి, "హ్యాండ్సమ్" అన్నాడు. నర్సు సిగ్గుపడి నవ్వింది. మేమంతా పగలబడి నవ్వాం. మనిషి ఎక్కడికీ పోలేదు, మన మనిషి మనకి దక్కాడు అనుకున్నాం. మేనల్లుడైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు, మాట వచ్చిందని చెప్పడానికి.

మాట రావడం కాదది. మిగతా మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది.

నీళ్ళు కావాలన్నా అదే, దుప్పటి లాగమన్నా అదే, నొప్పి పుట్టి మూలిగినా అదే. మొదట్లో తన నోటి నుంచి ఆ మాట రావడం విని తనే ఉలిక్కిపడేవాడు. ఆయన అనాలనుకున్నది వేరు, అది మొహంలోనే తెలిసేది. పెదాలు కూడగట్టుకుని, మెడనరాలు పొంగించుకుని, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే వచ్చేది. బాగున్న ఎడమ చేత్తో తన నోటిమీద తనే కొట్టుకునేవాడు. ఆ చెయ్యి పట్టుకుని ఆపడం మాకు రోజూ ఒక పని అయిపోయింది.

మా వీధి ఇస్త్రీ షాపాయనకి తల్లి పోయింది. ఆమెకి కళ్ళజోళ్ళన్నీ అన్నయ్యే చేసిచ్చాడు. కొడుకు వచ్చి మంచం పక్కన కూర్చుని, "అమ్మ వెళ్ళిపోయిందండీ" అన్నాడు. అన్నయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని చెయ్యి పట్టుకున్నాడు. "హ్యాండ్సమ్" అన్నాడు. ఆ షాపాయన మంచివాడు, తప్పుగా అనుకోలేదు. కానీ అన్నయ్య విన్నాడు కదా తను అన్నది. గోడ వైపు తిరిగి పడుకుని ఆ పూటంతా ఇక నోరు తెరవలేదు. తిండికి కూడా తెరవలేదు.

ఇంకో రోజు మధ్యాహ్నం కిటికీ వైపు చెయ్యి చూపించి ఏదో అడగడం మొదలుపెట్టాడు. కర్టెన్ తీశాం. కాదు. వేశాం. కాదు. ఫ్యానా, రేడియోనా, బయట కూర్చోబెట్టమంటున్నాడా? వీధిలో ఎవరైనా వెళ్ళారేమోనని నేను గేటు దాకా వెళ్ళి చూసొచ్చాను. కిటికీ గట్టు మీద ఉన్న ప్రతి వస్తువూ తీసి చూపించాం, ఆఖరికి పాత గొళ్ళెం కూడా. షాపు మూసి మేనల్లుడు వచ్చి వాడికి తోచినవీ అడిగాడు. అన్నయ్య మొదట గట్టిగా, తర్వాత బతిమాలుతున్నట్టు, ఆ తర్వాత ఏడుస్తూ అదే మాట అన్నాడు. చివరికి చెయ్యి దించేసి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకి ఏం కావాలో మాకు ఇప్పటికీ తెలియదు. నోరున్నదాన్నని నాకు పేరు గానీ, ఆ రోజు నా నోరు కూడా ఎందుకూ కొరగాలేదు.

వదినకి మాత్రం రోజూ పొద్దున్నుంచి ఆ మాటే. మొహం తుడిస్తే, మందు వేస్తే, పక్క సర్దితే. ఏళ్ళ తరబడి ఒక్కసారైనా అంటారేమో అని చూసిన మాట. "ఇప్పుడు తీరిగ్గా అంటున్నారు చూడమ్మాయ్" అంది ఒకసారి నాతో. నా వయసుకి కూడా నన్ను అమ్మాయ్ అనేది ఆమె ఒక్కతే. నవ్వబోయి, నవ్వలేక, చేతిలో ఉన్న గుడ్డ పిండుకుంటూ లోపలికి పోయింది. ఆమెకి కావలసింది ఆ మాట కాదని నాకు తెలుసు. ఒక్కసారి తిట్టినా సరే. నీవల్లే ఇలా అయ్యానని అన్నా సరే. లేదా పోనీలే అన్నా సరే. నేను ఎన్నోసార్లు చెప్పాను, నువ్వు కావాలని అన్నావా, రోజూ అనే మాటే కదా అని. అది నేను చెప్తే ఏం లాభం? చెప్పాల్సిన మనిషి నోట ఒకటే మాట ఉంది, అది దీనికి పనికిరాదు.

ఆస్పత్రి వాళ్ళు మాటలు నేర్పే అమ్మాయిని వారం వారం ఇంటికి పంపడం మొదలుపెట్టారు. చిన్నపిల్లే, ఓపిక మాత్రం కొండంత. బాగా అరిగిన దారిలో నడక సులువు కదా, అలాగే బాగా వాడిన మాట ఒక్కోసారి ఇలా నిలిచిపోతుంది అని చెప్పింది. అన్నయ్యకి ఆమె అంటే ప్రాణం. గేటు చప్పుడు వినగానే తల దువ్వమని దువ్వెన వైపు చెయ్యి చూపించేవాడు. మాట సంగతి తర్వాత చూద్దాం, ముందు తల ఊపడం నేర్పుతాను అందామె. అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా. గడ్డం పట్టుకుని తనే ఊపి చూపించేది. కొన్నాళ్ళకి అన్నయ్య సొంతంగా ఊపడం మొదలుపెట్టాడు. ఇంట్లో దీపం వెలిగినట్టయింది. టీ కావాలా అంటే నిలువుగా. చలిగా ఉందా అంటే అడ్డంగా. మేనల్లుడు షాపు సంగతులన్నీ వచ్చి అడిగేవాడు, అన్నయ్య తల ఊపేవాడు, వాడు అలాగే చేసేవాడు.

ఒక సాయంత్రం నేను ఆరిన బట్టలు తీసుకుని మెట్లు దిగుతున్నాను. వదిన మంచం మీద కూర్చుని, ఆయన కదలని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తోంది. నన్ను చూడలేదు.

"ఏమండీ" అంది. "ఆ రోజు బీరువా దగ్గర నేను ఆ మాట అన్నాను కదా. నా మీద కోపంగా ఉందా?"

నేను ఉన్నచోటే ఆగిపోయాను. అన్నయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. వదిన ఆ చేతిమీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాను. మెట్ల మీద కూర్చుని నేను కూడా ఏడ్చాను, ఆ బట్టల్లోనే మొహం పెట్టుకుని.

ఆ తర్వాత వదిన వేరే మనిషి. కడుపునిండా తినడం, తల నున్నగా దువ్వుకోవడం, నన్ను ఆటపట్టించడం. పెద్దవాళ్ళు చూడకుండా గోడ దూకిన పిల్లలా ఉండేది. అన్నయ్య హ్యాండ్సమ్ అంటే, "మీరేం తక్కువా" అని జవాబు చెప్పేది. బీరువా తనే, మేనల్లుడి చేత జరిపించింది.

మాటలు నేర్పే అమ్మాయి మళ్ళీ వచ్చినప్పుడు వదిన ఎదురెళ్ళి, "బాగా నేర్చేసుకున్నారమ్మా, అన్నీ చెప్పేస్తున్నారు" అంది. ఆ అమ్మాయి సంతోషించింది. అయితే ఒకసారి చూద్దాం అని సంచిలోంచి దువ్వెన తీసింది.

"బాబాయిగారూ, ఇది దువ్వెనేనా?"

నిలువుగా.

"ఇది చెంచానా?" చేతిలో అదే దువ్వెన.

నిలువుగా. మేము నవ్వాం. కొంటెతనం చేస్తున్నాడు అనుకున్నాం. ఆ అమ్మాయి నవ్వలేదు. ఇప్పుడు మనం ఇంట్లో ఉన్నామా అని అడిగింది. అడ్డంగా. మీకు కొడుకున్నాడా అంది. అడ్డంగా. కాసేపు వేరే ఏదో మాట్లాడి మళ్ళీ అదే అడిగింది. ఈసారి నిలువుగా. అన్నయ్య మొహంలో ఎక్కడా కొంటెతనం లేదు. పరీక్షలో బాగా రాస్తున్న పిల్లాడిలా, శ్రద్ధగా, ఆ అమ్మాయి మొహమే చూస్తూ ఊపుతున్నాడు.

ఆమె దువ్వెన లోపల పెట్టుకుని మా వైపు తిరిగింది. "ఇప్పుడే నమ్మకండమ్మా. ఎవరైనా అడిగితే తల ఊపాలని తెలిసింది. ఎటు ఊపితే ఏమిటన్నది ఇంకా కుదరలేదు. ఒక్కోసారి సరిగ్గా పడుతుంది, ఒక్కోసారి పడదు. ఏం పరవాలేదు, నేర్పుతాను. కొన్ని నెలలు పట్టినా తప్పకుండా వస్తుంది."

నేను వదిన వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆమె మొహంలో ఏమీ లేదు. మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక, ఏదో ఒకటి అనాలని, "కొన్ని నెలలేనట వదినా, సరిగ్గా చెప్తాడట" అన్నాను. ఆ వారమంతా అన్నయ్యని ఎవరూ ఏమీ అడగలేదు. వదిన టీ కావాలా అని కూడా అడక్కుండా తెచ్చి ఇచ్చేది. మేనల్లుడు ఏదో అడగబోతే, "నాన్నని విసిగించకు" అని కసిరింది. నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

తర్వాతి వారం గేటు చప్పుడైంది. నేను కిందే ఉన్నాను. అన్నయ్య దువ్వెన వైపు చెయ్యి చూపించాడు. వదిన దువ్వెన తీసుకోలేదు. గది తలుపు దగ్గరగా వేసి, వీధి గుమ్మం దాకా వెళ్ళి, అడ్డంగా నిలబడింది.

"పడుకున్నారమ్మా" అంది.

"ఇంకాసేపట్లో లేస్తారా? కూర్చుంటాను."

"లేవరు. ఒంట్లో బాగుండటం లేదు. ఇక కొన్నాళ్ళు వద్దులే. మేమే కబురు పెడతాం."

ఆ అమ్మాయి తెల్లబోయింది. "ఇప్పుడే ఆపేస్తే కష్టమమ్మా. ఇప్పుడిప్పుడే దారిలో పడుతున్నారు. సరిగ్గా చెప్పడం వచ్చేస్తుంది."

"వద్దమ్మా" అంది వదిన.

లోపల్నించి అన్నయ్య గొంతు వినిపించింది. ఆ అమ్మాయి గొంతు గుర్తుపట్టాడు. "హ్యాండ్సమ్" అన్నాడు. ఎవరూ రాకపోయేసరికి ఇంకొంచెం గట్టిగా అన్నాడు. ఆ అమ్మాయి వదిన భుజం మీదుగా నా వైపు చూసింది. మీరైనా చెప్పండి అన్నట్టు చూసింది. నా నోటికి భయపడి టికెట్ల వరసలో పెద్ద పెద్దవాళ్ళు గప్‌చుప్‌గా నిలబడేవాళ్ళు. వదిన వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆమె కళ్ళు నన్ను బతిమాలుతున్నాయి. నేను తల దించుకున్నాను.

ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. వదిన తలుపు గడియ పెట్టి అక్కడే నిలబడిపోయింది.

"వదినా, ఏం చేశావో తెలుస్తోందా?" అన్నాను. గట్టిగా అనలేకపోయాను.

"తెలుస్తోంది" అంది. "కోపం లేదన్నారు కదమ్మాయ్. అది పొరపాటున ఊపిందైతే, నేర్చుకున్నాక ఆయన సరిగ్గా చెప్పే రోజు నేను చూడలేను."

లోపల అన్నయ్య ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. అదే మాట, మళ్ళీ మళ్ళీ. వదిన కళ్ళు తుడుచుకుని, "వస్తున్నానండీ" అంటూ లోపలికి వెళ్ళింది.